ఇనుము మోగే ఊరి పాట: డెబ్బైల రాక్ ధ్వని వెనక ఏముంది?

విజయవాడ గవర్నర్‌పేటలో మా స్నేహితుడికి పాత యాంప్లిఫయర్లు, మైక్ సెట్లు బాగుచేసే కొట్టు ఉంది. ఇరుకు మెట్లెక్కి వెళ్తే ఒక గది, గది నిండా విప్పి పెట్టిన డబ్బాలు, సోల్డరింగ్ వాసన. ఈ వేసవిలో మా నాన్నగారి వాల్వు రేడియో చంకన పెట్టుకుని అక్కడికి వెళ్ళాను. వాడు దాని వంక కూడా చూడలేదు. "ఆగరా, ముందు ఇది విను" అని అప్పుడే బాగుచేసిన యాంప్లిఫయర్‌లో ఒక పాట పెట్టాడు.

ముందు బేస్ గిటార్ ఒక్కటే పరుగందుకుంది, కృష్ణా వంతెన దిగగానే వేగం పుంజుకున్న రైలులా. దాని మీద డ్రమ్స్ పడ్డాయి. గిటారూ ఆర్గనూ కలిశాయి. ఆ పైన తారస్థాయిలో ఒక మగ గొంతు. బల్ల మీది స్క్రూలు సన్నగా కదలడం నా కళ్ళతో చూశాను. "ఏ సంవత్సరం పాటో చెప్పు" అన్నాడు. తడుముకోకుండా "డెబ్బై నాలుగు" అన్నాను. ఫోను నా వైపు తిప్పి చూపించాడు. 2010.

నేను సత్యనారాయణపురంలో ఎనిమిదేళ్ళు మృదంగం నేర్చుకున్నవాణ్ణి. ఏ రికార్డింగు ఏ కాలం నాటిదో చెవికి తెలుస్తుందని నా నమ్మకం. ముప్పై ఆరేళ్ళ తేడా నాకెందుకు వినిపించలేదు? ఆ ప్రశ్న వదల్లేదు. నెలల తరబడి విన్నాక, చదివాక నాకు అర్థమైనది ఇది: "డెబ్బైల ధ్వని" అనేది కాలానికి సంబంధించిన విషయం కాదు. అది ఒక పని పద్ధతి. ఒక ప్రాంతపు పెంపకం, కొన్ని యంత్రాలు, ఒక గది, ఒకరినొకరు వింటూ వాయించే మనుషులు. ఇవన్నీ కుదిరితే ఆ ధ్వని ఏ సంవత్సరంలోనైనా పుడుతుంది.

నేను విన్న బ్యాండు పేరు బ్లాక్ కంట్రీ కమ్యూనియన్. గొంతు, బేస్ గిటార్ గ్లెన్ హ్యూస్‌వి. 1973 నుంచి 1976 దాకా డీప్ పర్పుల్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండులో ఉన్న మనిషి. డ్రమ్స్ జేసన్ బోనమ్, డెబ్బైల్లో వెలిగిన ఇంగ్లండు బ్యాండు లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ కొడుకు. గిటారు అమెరికాకు చెందిన జో బొనమాసా, పన్నెండేళ్ళ వయసులోనే పేరున్న అమెరికన్ గిటారిస్టు బి.బి.కింగ్ కచేరీలకు ముందు వాయించినవాడు. కీబోర్డులు డెరెక్ షెరీనియన్, డ్రీమ్ థియేటర్ అనే అమెరికన్ రాక్ బ్యాండులో ఒకప్పటి సభ్యుడు. 2009 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో హ్యూస్, బొనమాసా ఒకే వేదిక మీద వాయించారు. ఆ తర్వాత ప్రొడ్యూసర్ కెవిన్ షిర్లీ మిగతా ఇద్దరినీ కలిపాడు. ప్రొడ్యూసర్ అంటే మన సినిమాల్లోలా డబ్బు పెట్టేవాడు కాదు. రికార్డింగు మొత్తాన్ని నడిపించేవాడు. ఏ పాట ఎలా మోగాలో చివరి మాట ఆయనదే.

ఇలా ముందే పేరున్నవాళ్ళు కలిసి కట్టే బ్యాండును సూపర్‌గ్రూప్ అంటారు. మన భాషలో మల్టీస్టారర్. మల్టీస్టారర్‌కి ఉండే చిక్కే దీనికీ ఉంది. ఎవరి అభిమానులు వాళ్ళ హీరోకి ఎన్ని సీన్లు దక్కాయో లెక్కపెడతారు. కథ బలంగా లేకపోతే ఆ లెక్కే మిగులుతుంది. 1966లో ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ కలిసి క్రీమ్ అనే బ్యాండు కట్టారు. ముగ్గురూ ఉద్దండులే. బ్రూస్‌కీ బేకర్‌కీ పడేది కాదు. 1968కల్లా అయిపోయింది. ఆ మరుసటి ఏడాది క్లాప్టన్, బేకర్ ఇంకో ఇద్దరితో బ్లైండ్ ఫెయిత్ అని మొదలుపెట్టారు. ఒక్క ఆల్బమ్, ఒక్క ఏడాది, అంతే.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. మన కచేరీలోనూ జరిగేది ఇదే కదా? పాడేవారు ఒక ఊరి నుంచి, వయొలిన్ మరో ఊరి నుంచి, మృదంగం ఇంకో ఊరి నుంచి వస్తారు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో తెర లేచేముందు శ్రుతి సరిచూసుకుంటారు. రిహార్సల్ ఉండదు. అయినా కచేరీ చక్కగా నడిచిపోతుంది. ఎందుకంటే కీర్తన ముందే ఉంది, తాళం ముందే ఉంది, ఎవరు ఎప్పుడు తగ్గాలో, ఎవరికి ఎప్పుడు వదలాలో చెప్పే మర్యాద ముందే ఉంది. రాక్ బ్యాండుకి కీర్తన ముందు ఉండదు. దాన్ని వాళ్ళే కూర్చుకోవాలి. ఎవరి స్వరం ఉండాలి, ఎవరిది పోవాలి అనే తగువంతా అక్కడే మొదలవుతుంది. ఆ తగువు తీరాలంటే నలుగురికీ చెప్పకుండానే తెలిసిన వ్యాకరణం ఒకటి ఉండాలి. ఈ బ్యాండుకి అది ఉంది. బ్యాండు పేరులోనే దాని జాడ ఉంది.

బ్లాక్ కంట్రీ అంటే ఇంగ్లండు నడిమధ్యన, బర్మింగ్‌హామ్‌కి పడమటగా ఉన్న పారిశ్రామిక ప్రాంతం. డడ్లీ, వాల్సాల్, వెస్ట్ బ్రామిచ్ అక్కడి ఊళ్ళు. బొగ్గు గనులు, ఇనుప కొలుములు, గొలుసులు చేసే పాకలు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక అమెరికన్ దౌత్యాధికారి ఆ నేల పగలు నల్లగా, రాత్రి ఎర్రగా ఉంటుందని రాశాడు. పగలు పొగ, రాత్రి కొలిమి మంట. జేసన్ బోనమ్ పుట్టింది డడ్లీలో. హ్యూస్ పుట్టిన కానక్ ఆ ప్రాంతానికి కాస్త ఉత్తరాన ఉన్న బొగ్గుగనుల ఊరు. లెడ్ జెప్పెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌ది వెస్ట్ బ్రామిచ్. బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండు కుర్రాళ్ళు నలుగురూ బర్మింగ్‌హామ్ వాళ్ళు. ప్రపంచమంతా వినే బరువైన రాక్ సంగీతంలో ఇంత భాగం ఒక్క చోట పుట్టడం ఊరికే జరిగింది కాదు.

ఈ మాట నేను గట్టిగా నమ్మడానికి సొంత కారణం ఉంది. మా నాన్నగారికి ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉండేది. సాయంత్రం మృదంగం క్లాసు అయ్యాక అక్కడికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. పక్క షెడ్డులో లారీ బాడీ కడుతుంటే రేకు మీద సుత్తి దెబ్బలు పడేవి. ఎదురు షెడ్డులో ఇంకో సుత్తి. రెండూ కాసేపు కలిసి, కాసేపు విడిపోయి, మళ్ళీ కలిసేవి. నేను తొడ మీద తాళం వేస్తూ అవి ఎక్కడ కలుస్తాయా అని ఎదురుచూసేవాణ్ణి. ఆ చప్పుడులో పెరిగిన చెవికి సన్నని శబ్దం ఆనదు. దెబ్బకి బరువుండాలి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉండాలి.

ఆ ఇనుప ఊళ్ళ సంగీతానికి గాయం గుర్తు కూడా ఉంది. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం వదిలేసే ఆఖరి రోజున మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతను ఎడంచేతి వాటం మనిషి. అంటే తీగలు నొక్కేది ఆ కుడిచేతి వేళ్ళతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. పలచని తీగలు వేసుకున్నాడు. తర్వాత తీగల బిగువు ఇంకా తగ్గించి, 1971 నాటి ఆల్బమ్‌లో కొన్ని పాటలకు శ్రుతిని మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. హెవీ మెటల్ అనే సంగీతానికి ఆ మంద్రపు బరువు ఒక కార్మికుడి వేళ్ళ నుంచి వచ్చింది. రాక్ అంటే పొడుగు జుట్టు, గోల అనుకునేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఈ సంగతే.

ఇక యంత్రాల దగ్గరికి వద్దాం. మా స్నేహితుడి కొట్టు ఇందుకు మంచి బడి.

వాల్వు రేడియో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. స్విచ్ వేయగానే మోగదు. లోపల గాజు గొట్టాలు మెల్లగా నారింజ రంగులోకి తిరగాలి. ఆ తర్వాతే విజయవాడ కేంద్రం పలుకుతుంది. డెబ్బైల గిటారు యాంప్లిఫయర్లలో ఉన్నవీ ఆ వాల్వులే. వాటి గుణం ఒకటుంది. మోయగలిగినదాని కంటే ఎక్కువ శబ్దం పంపితే ట్రాన్సిస్టర్ ఆ తరంగం తల ఒక్క వేటుకి నరికేస్తుంది, చెవికి గరుకుగా తగులుతుంది. వాల్వు నరకదు, లేత్ మీద అంచు అరగదీసినట్టు గుండ్రంగా చేస్తుంది. అప్పుడు అసలు స్వరానికి పైస్వరాలు కొన్ని తోడవుతాయి. మంచి గాయకుడు పైస్థాయి అందుకున్నప్పుడు గొంతులో వచ్చే జీర లాంటిదది. జీర ఎక్కువైతే గొంతు పోయినట్టు, లేకపోతే పాటలో ప్రాణం లేనట్టు. లండన్‌లో డ్రమ్స్ నేర్పుతూ వాయిద్యాల కొట్టు నడిపిన జిమ్ మార్షల్ 1962లో మొదలుపెట్టిన యాంప్లిఫయర్లు ఆ జీరకి పేరు పొందాయి.

రెండోది హామండ్ ఆర్గన్. 1935లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. చర్చిల్లో పెద్ద పైపుల ఆర్గన్ కొనలేనివాళ్ళ కోసం. లోపల పళ్ళచక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతాయి. ఆ తిరుగుడే స్వరమవుతుంది. దాన్ని లెస్లీ అనే స్పీకరుకి కలుపుతారు. ఆ పెట్టెలో శబ్దం వచ్చే కొమ్ము కూడా గిరగిరా తిరుగుతుంది. చిన్నప్పుడు టేబుల్ ఫ్యాను ముందు నోరు పెట్టి "ఆ..." అనని పిల్లలు మన ఇళ్ళలో ఉండరు. గొంతు అలలు అలలుగా తెగి వినిపిస్తుంది. లెస్లీ దానికి దగ్గరి చుట్టం. తేడా ఏమిటంటే ఇక్కడ కొమ్ము మనవైపు వచ్చి వెళ్తుంటుంది కాబట్టి, దాటిపోయే రైలు కూతలాగా శ్రుతి కూడా కాస్త పెరిగి తగ్గుతుంది. డీప్ పర్పుల్‌లో జాన్ లార్డ్ ఈ ఆర్గన్‌ని మార్షల్ యాంప్లిఫయర్ల గుండా పంపి గిటారుతో సమానంగా గర్జించేట్టు చేశాడు. మూడేళ్ళు ఆ శబ్దం పక్కనే నిలబడి పాడినవాడు హ్యూస్. 2010లో షెరీనియన్ హామండ్ మీద చేతులు వేస్తే, అది ఎక్కడ ఉండాలో హ్యూస్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

యంత్రాలు కొనుక్కోవచ్చు, పాత వాల్వులు ఇప్పటికీ దొరుకుతాయి. వాటితోనే ఆ ధ్వని రాదు. గది కావాలి.

1971 నవంబరులో వచ్చిన లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్‌లో ఆఖరి పాట డ్రమ్స్ గురించి రికార్డింగు ఇంజనీర్లు నేటికీ మాట్లాడుకుంటారు. ఇంగ్లండులో హెడ్లీ గ్రాంజ్ అనే పాత పెద్ద భవనం. జాన్ బోనమ్ డ్రమ్ సెట్టును కింద హాల్లో మెట్ల దగ్గర పెట్టారు. మైకుల్ని దాని పక్కన పెట్టలేదు. ఇంజనీర్ ఆండీ జాన్స్ రెండు మైకుల్ని పైనుంచి మెట్ల మధ్య ఖాళీలోకి వేలాడదీశాడు. అంటే రికార్డయింది డ్రమ్ము ఒక్కటే కాదు, ఆ ఇల్లు కూడా. ఇది చదివిన రాత్రి నేను మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాను. నాలుగో అంతస్తు దాకా వెళ్ళి తిరిగొచ్చింది శబ్దం. కింద వాచ్‌మన్ "ఏంటి సార్?" అని లేచి వచ్చాడు. ఆయన చేత కూడా కొట్టించాను. ఆ మెట్ల కింద మృదంగం పెట్టి ఎడమవైపు ఒక్క దెబ్బ వేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. చాలామంది డ్రమ్మర్లు అప్పట్లో పెద్ద డ్రమ్ములో దిండ్లు కుక్కి నాదం చంపేసేవారు. బోనమ్ తన ఇరవై ఆరు అంగుళాల డ్రమ్మును మోగనిచ్చేవాడు. మృదంగం వాయించేవాళ్ళకి ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ పాట గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. పాట పేరుకి అర్థం "కట్ట తెగినప్పుడు". 1927లో మిసిసిపీ నదికి వచ్చిన వరదల మీద, 1929లో మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ అనే నల్లజాతి దంపతులు రికార్డు చేసిన పాట అది. అమెరికా నల్లజాతివాళ్ళ ఈ పాట సంప్రదాయాన్ని బ్లూస్ అంటారు. లెడ్ జెప్పెలిన్ దాన్నే తిరగరాసింది. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండి పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బంధువులు మూడు రోజులు డాబా మీద ఉన్నారు. ఆ తర్వాత ఆ పాట నాకు ఇంగ్లండు కుర్రాళ్ళ పాటలా వినపడలేదు. ఒక డెల్టా మనుషుల గోడు అది. మనదీ డెల్టాయే.

బ్లాక్ కంట్రీ కమ్యూనియన్‌లో నలుగురికీ చెప్పకుండానే తెలిసిన వ్యాకరణం అన్నాను, అదే ఈ బ్లూస్. గిటారిస్టులు ఎక్కువగా తిరిగే ఐదు స్వరాల మెట్లు చూస్తే స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. మన శుద్ధ ధన్యాసి. "భావములోన" పాడినవాళ్ళందరికీ నోట్లో ఉన్న స్వరాలే. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు, గమకం వేరు, నడక వేరు. కానీ బొనమాసా తీగను వేలితో పక్కకి లాగి సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఆపినప్పుడు, ఆ చోటు మన చెవికి కొత్త కాదు. పియానో మెట్ల మీద అది లేదు. గొంతులో ఉంది, తీగలో ఉంది.

ఇక లయ. ఇప్పటి స్టూడియోల్లో చాలావరకు చెవిలో గడియారం టిక్కుటిక్కుమంటుంటే వాయిస్తారు. దాన్ని క్లిక్ అంటారు. ఒక్కొక్కరు ఒక్కో రోజు వచ్చి తమ భాగం వాయించి వెళ్ళిపోయినా కంప్యూటర్‌లో అతికించడానికి అది వీలు. డెబ్బైల్లో రెండంగుళాల వెడల్పు టేపు మీద రికార్డు చేసేవారు. బ్యాండంతా కలిసి వాయించడం మామూలు. పల్లవికి వచ్చేసరికి పాట వెంట్రుకవాసి ముందుకు వంగుతుంది, చరణంలో కాస్త వెనక్కి వాలుతుంది. మా గురువుగారు కాలప్రమాణం చెడితే ఊరుకునేవారు కాదు. కానీ గడియారాన్ని ఎప్పుడూ ఎదురు పెట్టలేదు. కాలప్రమాణం చేతిలో ఉండాలి, ఎదుటివాడి ఊపిరిని బట్టి ఉండాలి. కెవిన్ షిర్లీ బ్యాండుని ఒక గదిలో నిలబెట్టి కలిపి వాయింపజేసి రికార్డు చేసే మనిషి. 2003లో విడుదలైన లెడ్ జెప్పెలిన్ పాత కచేరీల టేపుల మిక్సింగు మీద పనిచేసినవాళ్ళలో ఆయన ఒకడు. అంటే తండ్రి బోనమ్ దెబ్బల్ని టేపు మీద దగ్గరగా విన్న చెవి, కొడుకు బోనమ్‌ని రికార్డు చేసింది.

జేసన్ సంగతి నన్ను కదిలిస్తుంది. 1980 సెప్టెంబరు 25న తండ్రి పోయేనాటికి ఇతనికి పద్నాలుగేళ్ళు. తండ్రికి ముప్పై రెండే. లెడ్ జెప్పెలిన్ ఆ ఏడాదే ఆగిపోయింది. 2007 డిసెంబరు 10న మిగిలిన ముగ్గురూ లండన్‌లో ఒక్క రాత్రికి కలిసినప్పుడు ఆ పీట మీద కూర్చున్నది జేసన్. మన దగ్గర విద్వాంసుల పిల్లలకి తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునే కాలం ఉంటుంది. ఇతనికి ఆ కాలం సగంలో తెగిపోయింది. తక్కువ దెబ్బలతో ఎక్కువ బరువు, దెబ్బని చివరి క్షణం దాకా ఆపి వేయడం తండ్రి గుణాలు. బ్లాక్ కంట్రీ కమ్యూనియన్‌లో అవి వినిపిస్తాయి. అయితే అక్కడ పాటలు కొత్తవి. తండ్రి వాయించి చూపించని చోట ఇతను సొంతంగా నిలబడాలి.

ఇంత పొత్తు ఉన్నా బ్యాండు సాఫీగా సాగలేదు. 2010, 2011, 2012ల్లో వరసగా మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. బొనమాసాకి సొంత కచేరీలు ఏడాది పొడుగునా ఉంటాయి. హ్యూస్‌కేమో ఈ బ్యాండుతో ఊరూరా తిరగాలని ఉంది. 2013 మార్చికి బొనమాసా తప్పుకున్నాడు. ధ్వనిలో తేడా రాలేదు, క్యాలెండర్‌లో వచ్చింది. సూపర్‌గ్రూపులు ఎక్కువగా ఇక్కడే విరుగుతాయి, ఎందుకంటే ఎవరికీ ఇది ఒక్కటే ఇల్లు కాదు. వీళ్ళు మాత్రం మళ్ళీ కలిశారు. 2017లో నాలుగోది, 2024లో ఐదోది వచ్చాయి. నా మాట అడిగితే మొదటిదీ నాలుగోదీ ముందు వినండి. విరామం తర్వాత వచ్చిన నాలుగోదాంట్లో తొందర లేదు.

ఇదంతా పాతని అనుకరించడమే కదా అని మా మేనల్లుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం నుంచి గ్రెటా వాన్ ఫ్లీట్ అనే కుర్రాళ్ళ బ్యాండు వచ్చింది. 2019లో గ్రామీ కూడా అందుకుంది. లెడ్ జెప్పెలిన్‌ని దింపేశారని వాళ్ళ మీద విమర్శ. వాళ్ళ ప్రతిభని నేను తక్కువ చేయను, కానీ ఆ పాటల్లో నాకు మొదట కనిపించేది అద్దం. హ్యూస్ విషయం వేరు. అతను ఆ కాలాన్ని అనుకరించడం లేదు, అందులోంచే వచ్చాడు. ఇంట్లో మాట్లాడే యాసలోనే పాడుతున్నాడు. కృష్ణా జిల్లా మనిషి డెబ్బై ఏళ్ళకి కూడా తన యాసలో మాట్లాడితే దాన్ని అనుకరణ అనం కదా.

దీనికి రుజువు ఒకే పాటలో ఉంది. మెడూసా. డీప్ పర్పుల్‌కి ముందు హ్యూస్ ట్రపీజ్ అనే బ్యాండులో ఉండేవాడు. 1970లో ఆ బ్యాండు కోసం ఈ పాట రాసి పాడినప్పుడు అతనికి పందొమ్మిది. 2010లో బ్లాక్ కంట్రీ కమ్యూనియన్ మొదటి ఆల్బమ్‌లో మళ్ళీ పాడాడు. అప్పటికి యాభై తొమ్మిది. రెండూ వెంటవెంటనే వినండి, ఇయర్‌ఫోన్లలో కాకుండా కాస్త పెద్ద స్పీకర్ల మీద. మొదటిదాంట్లో ఒక కుర్రాడు తన గొంతు ఎంతదూరం పోతుందో చూసుకుంటున్నాడు. రెండోదాంట్లో ఆ గొంతు చిక్కబడింది, కింద డ్రమ్స్ బరువెక్కాయి, పాట నిడివి పెరిగింది.

మా వాడి కొట్టులో వరసగా మూడుసార్లు విన్నాం. మూడోసారి అయ్యేసరికి బెసెంట్ రోడ్డు వైపు దుకాణాలు మూసేస్తున్నారు. నాన్నగారి రేడియో అప్పటికీ బల్ల మీద అలాగే ఉంది. వాడు వెనక మూత విప్పి, వేలితో ఒక వాల్వుని మెల్లగా తట్టి, "బాగానే ఉందిరా, కెపాసిటర్ ఒక్కటీ మార్చాలి" అన్నాడు.